వంటింటి పొగ, మన ఊపిరి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మమ్మ బీడీ గానీ చుట్ట గానీ ఎప్పుడూ ముట్టలేదు. అరవై దాటాక నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ మొదట అడిగిన మాట "చుట్ట కాలుస్తావామ్మా?" అని. ఆవిడ చిన్నబుచ్చుకుంది. వంట దేనిమీద చేస్తావని మాత్రం ఎవరూ అడగలేదు. ఉబ్బసమని మందులు రాసి పంపారు. గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే పరీక్ష ఇంకో ఆరేళ్లకు గానీ జరగలేదు. పొగతాగేవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బే ఆవిడకూ వచ్చిందని అప్పుడు తేలింది. నలభై ఏళ్లపాటు ఆవిడ పీల్చిన పొగ పొయ్యిలోది.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను, డాక్టర్లను అడుగుతూ వచ్చాను. చుట్టాలూ, ఊరివాళ్లూ, తెలిసినవాళ్లూ నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇవి.

తరతరాలుగా అందరూ కట్టెల మీదే వండారు. ఇప్పుడే ఎందుకు ఇంత గొడవ?

తరతరాలుగా వండారు, తరతరాలుగా దగ్గారు కూడా. ఇంట్లో ముసలావిడ పొద్దున్నే లేచి అరగంట దగ్గడం మనకు కోడికూత లాగా అలవాటైపోయింది. దానికి ఎవరూ జబ్బు అని పేరు పెట్టలేదు, వయసు అన్నారు.

ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వాళ్లలో 2 లక్షల 37 వేల మందికి పైగా ఐదేళ్లు నిండని పిల్లలు. మన దేశంలో 2019లో ఈ కారణంగా పోయిన ప్రాణాలు 6 లక్షల పైచిలుకని లెక్క తేలింది. 1990తో పోలిస్తే మరణాల రేటు బాగా తగ్గింది, ఆ మాట కూడా చెప్పాలి. గ్యాస్ రావడం అందుకు ఒక పెద్ద కారణం.

పాతకాలంలో ఈ జబ్బులు ఎక్కువగా కనపడకపోవడానికి ఇంకో సంగతి ఉంది. పొగ వల్ల ఊపిరితిత్తులు పాడవడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. కలరా, మశూచి, కాన్పు కష్టాలు దాటి అంతకాలం బతికినవాళ్లే తక్కువ.

కట్టెల పొగలో అసలు ఏముంటుంది? చెట్టు నుంచి వచ్చిందే కదా, సహజమే కదా?

పొగాకు కూడా చెట్టు నుంచి వచ్చిందే. కట్టె పూర్తిగా మండితే మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, బూడిద. మన పొయ్యిలో అది ఎప్పుడూ పూర్తిగా మండదు. గాలి చాలదు, కట్టెలో తడి ఉంటుంది, మంట ఒక చోట ఎక్కువ, ఇంకో చోట తక్కువ. అందుకే కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్, తారు లాంటి పదార్థాలు పొగలో కలిసి పైకి లేస్తాయి.

వాటన్నిటిలోకీ ఎక్కువ చేటు చేసేది కంటికి కనపడని సన్న రేణువులు. వీటిని పీఎం 2.5 అంటారు, అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నవి. మన తల వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు. ముక్కులోని వెంట్రుకలూ, గొంతులోని శ్లేష్మమూ వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరనుండే గాలి బుడగల దాకా పోతాయి, వాటిలో బాగా సన్నవి రక్తంలో కలుస్తాయి. గుండె జబ్బుకూ వంట పొగకూ సంబంధం అక్కడి నుంచే.

గోడకు పట్టిన మసి చూశారుగా. గిన్నె అడుగున పట్టిన మసి బూడిద పెట్టి తోమితే పోతుంది. లోపల పట్టింది తోమడానికి కుదరదు.

మన దగ్గర ఎవరైనా కొలిచి చూశారా, లేక ఇవన్నీ విదేశాల లెక్కలా?

కొలిచారు. ఇళ్లలో వంట పొగను కొలిచే పని మన దేశంలో 1980ల మొదట్లోనే మొదలైంది. గుజరాత్ పల్లెల్లో కర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు, వంట చేసే ఆడవాళ్ల ఒంటికే పరికరాలు తగిలించి కొలిచారు. ఆయన 2020లో చనిపోయేదాకా ఇదే పని మీద ఉన్నారు.

తెలుగు నేల మీద జరిగిన పెద్ద కొలత ఉమ్మడి రాష్ట్రం రోజుల్లోది. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య విద్యాసంస్థకు చెందిన డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ బృందం నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 420 పల్లె ఇళ్లు తిరిగింది. ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. గ్యాస్ వాడే ఇళ్లలో 24 గంటల సగటున ఘనమీటరు గాలిలో 73 మైక్రోగ్రాముల సన్న రేణువులు కనిపిస్తే, కట్టెలూ పిడకలూ లాంటివి వాడే ఇళ్లలో ఆ సగటు 732 దాకా వెళ్లింది. పదింతలు! ప్రపంచ ఆరోగ్య సంస్థ పీఎం 2.5 విషయంలో రోజుకు 15 దాటొద్దంటుంది, మన దేశపు పరిమితి 60. (ఆ సర్వేలో కాస్త పెద్ద రేణువులను కూడా కలిపి కొలిచారు, కాబట్టి అంకెకు అంకె పోల్చకూడదు. అయినా తేడా ఎంతో అర్థమవుతుంది.)

ఆ సర్వేలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకొకటి. కట్టెలు వాడే ఇళ్లలో అందరికంటే ఎక్కువ పొగ పీల్చింది వంట చేసే ఆడవాళ్లు, అందులోనూ 15 నుంచి 40 ఏళ్ల వయసువాళ్లు. అంటే పిల్లల్ని కనే వయసు. మగవాళ్లలో ఎక్కువ పీల్చింది 65 దాటిన ముసలివాళ్లు. పొలం పనికి వెళ్లలేక, ఇంట్లో మంచం మీద ఉండిపోయినవాళ్లు.

దీనివల్ల ఏయే జబ్బులు వస్తాయి?

అందరూ ఊపిరితిత్తుల పేరే చెబుతారు గానీ, మరణాల లెక్కలో మొదటి స్థానం గుండెది. ఇంటి పొగ వల్ల పోతున్న ప్రాణాల్లో దాదాపు మూడో వంతు గుండె రక్తనాళాలు పూడుకుపోవడం వల్లనే. ఆ తర్వాత పక్షవాతం, పిల్లల్లోనూ పెద్దల్లోనూ న్యుమోనియా, ఆ తర్వాత సీఓపీడీ, చివర్లో ఊపిరితిత్తుల క్యాన్సర్.

సీఓపీడీ అంటే గాలి గొట్టాలు ఏళ్ల తరబడి వాచి, సన్నబడి, మళ్లీ మామూలు స్థితికి రాలేకపోవడం. మొదట్లో పొద్దున పూట దగ్గు, కాస్త కఫం. తర్వాత బిందె ఎత్తితే ఆయాసం. ఆ తర్వాత చీర కట్టుకుంటే ఆయాసం. మా అమ్మమ్మ చివరి రెండేళ్లూ కూర్చునే నిద్రపోయింది.

కంట్లో శుక్లాలు ముందుగా రావడానికి కూడా పొగ ఒక కారణం. కళ్లు ఎర్రబడటం, నీళ్లు కారడం, తలనొప్పి సంగతి చెప్పక్కర్లేదు, పొయ్యి ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. కొంగుకు, లంగాకు నిప్పంటుకోవడం, కట్టెల మోపు మోసి మెడ, నడుము పట్టేయడం, కట్టెల గూటిలో పాము కరవడం లాంటివి ఏ పొగ లెక్కలోకీ రావు గానీ అవీ ఈ పొయ్యి బాధలే.

క్యాన్సర్ గురించి సూటిగా చెబుతాను. ఇంట్లో రాక్షసిబొగ్గు కాల్చడం వల్ల వచ్చే పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఖాయంగా చెప్పింది. కట్టెల పొగను దానికి ఒక మెట్టు కింద, "బహుశా కలిగిస్తుంది" అన్న వరుసలో పెట్టింది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డచుట్ట, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట, అలవాటున్న ఆడవాళ్లు ఉన్నారు. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని చాలాకాలంగా తెలుసు. ఆ అలవాటుకు పొయ్యి పొగ తోడైతే ఊపిరితిత్తుల మీద రెండింతల భారం.

మా అత్తగారు యాభై ఏళ్లు కట్టెల మీదే వండారు. ఆవిడకు ఏమీ కాలేదే?

సంతోషం. ఆవిడ ఇలాగే ఇంకా చాలాకాలం ఉండాలి. అయితే రోజుకు పెట్టె సిగరెట్లు కాల్చి ఎనభై ఏళ్లు బతికినవాళ్లు కూడా ప్రతి ఊళ్లోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. పొయ్యి ఆరుబయట ఉందా, పెంకుటింట్లో గాలి ఆడేదా, రోజుకు ఎన్ని గంటలు వండారు, తిండి ఎలా ఉండేది, పుట్టుకతో వచ్చిన ఒంటి బలం ఎంత అన్నదాన్ని బట్టి తేడాలుంటాయి. ఇంకో మాట. "ఏమీ కాలేదు" అని మనం అంటున్నది ఆవిడను అడిగేనా? మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఎందుకు ఆగుతున్నారో ఒకసారి అడగండి.

కడుపుతో ఉన్నవాళ్లకు, బాలింతలకు, పసిపిల్లలకు ఏం జాగ్రత్తలు?

పొగలోని కార్బన్ మోనాక్సైడ్ తల్లి రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది, దాంతో బిడ్డకు అందేది తగ్గుతుంది. పొగ ఎక్కువ పీల్చే తల్లులకు బరువు తక్కువ బిడ్డలు పుట్టడం, బిడ్డ కడుపులోనే చనిపోవడం ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. పుట్టాక చంకన బిడ్డను పెట్టుకుని పొయ్యి ముందు కూర్చునే తల్లి పీల్చేదంతా బిడ్డ కూడా పీలుస్తుంది. పైగా పసిపిల్లలు పెద్దవాళ్ల కంటే వేగంగా ఊపిరి తీస్తారు, ఊపిరితిత్తులు ఇంకా తయారవుతూ ఉంటాయి.

ఇక మన ఇళ్లలో రెండు ఆచారాలున్నాయి. పెద్దవాళ్లు బాధపడతారని తెలిసీ చెబుతున్నాను. ఒకటి, బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి తలుపులు మూసేయడం. రెండు, పసిబిడ్డకు తలంటిన తర్వాత సాంబ్రాణి పొగ వేయడం. రెండూ ప్రేమతో చేసేవే. తల్లికీ బిడ్డకూ వెచ్చగా ఉండాలని, జుట్టు ఆరాలని, జలుబు చేయకూడదని. కానీ నెల తిరగని బిడ్డ ముఖం చుట్టూ పొగ పెట్టడం బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. జుట్టు ఆరడానికి మెత్తటి పొడి బట్ట చాలు. వెచ్చదనానికి తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం కంటే మంచిది లేదు. సాంబ్రాణి లేకపోతే ఏదో వెలితిగా ఉందనిపిస్తే బిడ్డ లేని గదిలో వేసి, పొగ పోయాక తీసుకురండి. మా ఇంట్లో చివరికి ఈ దగ్గరే రాజీ కుదిరింది.

బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, గబగబా ఊపిరి తీస్తున్నా న్యుమోనియా కావొచ్చు. నాటుమందు అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మాకు గ్యాస్ ఉంది. స్నానానికి నీళ్లు కాచుకోవడానికి, పశువుల కుడితికి మాత్రమే కట్టెల పొయ్యి. ఫర్వాలేదా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. ఈ పేజీ రాయడానికి అసలు కారణం కూడా ఇదే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 84, తెలంగాణలో దాదాపు 92 ఇళ్లు గ్యాస్, కరెంటు లాంటి పొగ లేని ఇంధనాల మీదే వండుతున్నాయి. దేశం మొత్తం మీద అది 59 దగ్గరే ఉంది. గర్వపడాల్సిన సంగతే. ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం 1999లోనే మొదలై, డ్వాక్రా మహిళల ఇళ్లకు సిలిండర్లు చేర్చింది. కేంద్రం ఉజ్జ్వల పథకం వచ్చింది 2016లో. అయితే ఆ సర్వే అడిగేది "ఎక్కువగా దేనిమీద వండుతారు?" అని. రెండో పొయ్యి గురించి కాదు. పల్లెలో ఏ పెరట్లోకి వెళ్లినా ఆ రెండో పొయ్యి కనిపిస్తుంది. టీ, కూర గ్యాస్ మీద. నీళ్ల కాగు, కుడితి, పండక్కి అరిసెల పాకం, చుట్టాలొస్తే పెద్ద గిన్నె అన్నం కట్టెల మీద. సిలిండరు అయిపోయి డబ్బు చేతిలో లేని వారం అన్నీ కట్టెల మీదే.

ఇక్కడ లెక్క మనం అనుకున్నట్టు ఉండదు. పొగ సగం తగ్గితే ముప్పు కూడా సగం తగ్గుతుందనుకుంటాం. గుండె జబ్బుల్లో, పిల్లల న్యుమోనియాలో అలా జరగదు. కొద్దిపాటి పొగకే ముప్పు నిట్టనిలువుగా పెరుగుతుంది, ఆ పైన పొగ ఎంత ఎక్కువైనా మెల్లగా పెరుగుతుంది. అంటే కిందికి దిగేటప్పుడు, చివరి కాస్త పొగ మానేసినప్పుడే అసలు లాభం దక్కుతుంది. కట్టెల పొయ్యి రోజుకు ఒక గంటే వెలిగినా, గ్యాస్‌కు పెట్టిన డబ్బుకు రావలసిన ఆరోగ్యం పూర్తిగా రావడం లేదని దాని అర్థం.

నీళ్ల పొయ్యి ఆరుబయటే కదా అంటారు. లోపలికంటే మేలే. కానీ మార్గశిరం, పుష్యమాసం చలిలో పొద్దున్నే పొగ పైకి లేవదు, పెరట్లోనే తెరలా నిలబడుతుంది, వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఆ పొయ్యి చుట్టూ చలి కాచుకుంటూ కూర్చునేది ఎవరు? పిల్లలు, ముసలివాళ్లు.

మానడానికి దారులు ఉన్నాయి. ఎండ పుష్కలంగా ఉన్న నేల మనది. ముదురు రంగు డ్రమ్ములోనో గాబులోనో నీళ్లు పోసి మధ్యాహ్నం ఎండలో పెడితే సాయంత్రం స్నానానికి పనికొస్తాయి. స్తోమత ఉంటే సోలార్ హీటర్. హీటర్ రాడ్ వాడితే ఐఎస్ఐ గుర్తున్నది కొని, స్విచ్ ఆపి ప్లగ్ తీశాకే నీళ్లలో చేయి పెట్టాలి, షాక్‌తో పోయిన ప్రాణాలున్నాయి. కుడితికి దాణా నానబెడితే చాలామటుకు ఉడికించే అవసరం ఉండదు. మీ ఊరి పశువైద్యుణ్ని ఒక మాట అడగండి.

సిలిండరు ధర మాటేమిటి? కట్టెలు ఊరికే వస్తాయి కదా.

కట్టెలు ఊరికే రావు. పొలం గట్ల మీద పత్తి కట్టె, కంది కట్టె, మిరప కట్టె ఏరి, మోసి, ఆరబెట్టే గంటలన్నీ ఒక మనిషివి. ఆ మనిషికి కూలి కట్టడం లేదు కాబట్టి ఊరికే వచ్చినట్టు అనిపిస్తుంది.

అయినా ధర కష్టం నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో మొదలైన దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి మహాలక్ష్మి పథకంలో అర్హులకు 500 రూపాయలకే సిలిండరు. ఉజ్జ్వల లబ్ధిదారులకు సిలిండరుకు 300 రూపాయల రాయితీ 2023 అక్టోబరులో మొదలైంది. నిబంధనలు మారుతుంటాయి, మీ డీలరు దగ్గరో సచివాలయంలోనో కనుక్కోండి. ఆధార్, బ్యాంకు ఖాతా కలవక డబ్బు పడని ఇళ్లు నేను చాలా చూశాను. ముందు అది సరిచేసుకోండి. ఒక్కసారే పెద్ద మొత్తం కట్టలేనివాళ్లు 5 కిలోల చిన్న సిలిండరు సంగతి అడగొచ్చు.

నలుగురున్న ఇంట్లో 14.2 కిలోల సిలిండరు నెల, నెలన్నర వస్తుంది. పప్పు, శనగలు ముందుగా నానబెట్టడం, కుక్కరు వాడటం, గిన్నె మీద మూత పెట్టడం, కూరగాయలు తరిగి సిద్ధంగా పెట్టుకున్నాకే స్టవ్ వెలిగించడం లాంటివి చేస్తే ఇంకో వారం పది రోజులు లాగొచ్చు.

పొగ రాని పొయ్యి పెట్టించుకుంటే సరిపోదా?

కొంత మేలు. పూర్తి మందు కాదు. ప్రభుత్వం 1980లలో దేశమంతా మెరుగుపరచిన పొయ్యిలు కట్టించింది, ఆ కార్యక్రమం 2002లో ఆగిపోయింది. ఒడిశాలో పరిశోధకులు నాలుగేళ్లపాటు గమనించి చూస్తే, మొదటి ఏడాది పీల్చే పొగ తగ్గింది, తర్వాత ఆ తేడా పోయింది. గొట్టంలో మసి పేరుకుంది, పొయ్యి పగిలింది, బాగుచేసేవాళ్లు లేరు, ఆడవాళ్లు పాత పొయ్యికే తిరిగి వచ్చారు. తప్పు వాళ్లది కాదు.

మధ్య అమెరికా దేశమైన గ్యాటెమాలా కొండ ప్రాంతంలో గొట్టమున్న పొయ్యిలు ఇచ్చి, ప్రతివారం వెళ్లి చూసుకున్నచోట పిల్లల్లో తీవ్రమైన న్యుమోనియా దాదాపు మూడో వంతు తగ్గింది. అంటే పొయ్యిని కనిపెట్టుకుని ఉంటే ఫలితం ఉంటుంది. గ్యాస్ ఇంకా అందని ఇళ్లకు అది ఆసరా. గొట్టం ఇంటి కప్పు దాటి పైకి ఉండాలి, రెండు వారాలకోసారి మసి దులపాలి.

గ్యాస్ ఇచ్చి చూసినా పిల్లల ఆరోగ్యంలో తేడా రాలేదని చదివాను. మరి?

మీరు చదివింది నిజమే, దాచాల్సిన పని లేదు. మన తమిళనాడుతో పాటు గ్యాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో హాపిన్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. సగం మందికి గ్యాస్ స్టవ్, గ్యాస్ ఉచితంగా ఇచ్చారు. వాళ్లు పీల్చిన సన్న రేణువులు ఘనమీటరు గాలిలో దాదాపు 70 మైక్రోగ్రాముల నుంచి 24కు దిగాయి. అయినా బిడ్డల పుట్టుక బరువులో, ఏడాదిలోపు న్యుమోనియాలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

దీన్నిబట్టి పొగ మంచిదని ఎవరూ అనలేదు. గ్యాస్ చేతికొచ్చేసరికి కడుపులో బిడ్డకు రెండు మూడు నెలలు దాటాయి. తల్లి తిండి, టీకాలు, చుట్టుపక్కల ఇళ్ల పొగ లాంటివన్నీ బిడ్డ మీద పనిచేస్తాయి. పెద్దవాళ్ల గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఏడాదిన్నర అధ్యయనంలో తేలేవి కావు. నా మటుకు నాకు దీన్నుంచి అర్థమైంది ఏమిటంటే ఒక్క ఇంట్లో పొయ్యి మారితే చాలదు, వీధి మొత్తం మారాలి. మన దేశపు బయటి గాలిలోని సన్న రేణువుల్లో కూడా పెద్ద వాటా ఈ ఇళ్ల పొయ్యిలదే.

కిరోసిన్, బొగ్గుల కుంపటి, పిడకలు, పొట్టు పొయ్యి. వీటిలో ఏది నయం?

ఏదీ నయం కాదు. పిడకలది అందరికంటే ఎక్కువ పొగ. కిరోసిన్ మంట శుభ్రంగా కనిపిస్తుంది గానీ సన్న రేణువులు విడుస్తుంది. ఇళ్లలో దాన్ని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. పొయ్యి అంటించడానికి ప్లాస్టిక్ కవర్లు, సైకిల్ ట్యూబు ముక్కలు వేయడం మాత్రం ఈ రోజే ఆపేయండి. ఆ పొగలోని విషాలు కట్టెల పొగలో ఉండేవాటికంటే ఘోరం.

కుంపటి విషయంలో ఒక హెచ్చరిక. ఎర్రగా కాలిన బొగ్గులకు పొగ రాదు, వాసన రాదు. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వస్తుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మగత, ఆపైన లేవలేకపోవడం. చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి శవాలైన వార్తలు ప్రతి ఏడూ వస్తాయి. మూసిన బాత్‌రూములో గ్యాస్ గీజరు కూడా ఇదే పని చేస్తుంది.

గ్యాస్ స్టవ్ వల్ల అసలు ఏమీ ఉండదా?

సన్న రేణువులు చాలా తక్కువ. నైట్రోజన్ డయాక్సైడ్ కొంత వస్తుంది, ఉబ్బసం ఉన్న పిల్లలను అది ఇబ్బంది పెడుతుంది. మంట నీలంగా ఉండాలి. పసుపుగా మారితే బర్నరు శుభ్రం చేయించండి. ఎండుమిరపకాయల పోపు ఘాటు, మరగకాచిన నూనె పొగ ఏ స్టవ్ మీదైనా వస్తాయి, కాబట్టి కిటికీ తెరవడం, ఎగ్జాస్ట్ ఫ్యాను వేయడం గ్యాస్ వాడే ఇంట్లోనూ అవసరమే. మంట లేని ఇండక్షన్ స్టవ్ వంటింటి గాలికి అన్నిటికంటే మంచిది.

గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టకుండా రెగ్యులేటరు ఆపి, తలుపులు తీసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. లీకైన గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పేరుకుంటుంది.

పొగ ఉంటే దోమలు రావు, విత్తనాలకు పురుగు పట్టదు కదా?

మన్యంలోనూ, ఆదిలాబాద్ గూడేల్లోనూ పొయ్యి పైన మొక్కజొన్న కంకులు వేలాడదీస్తారు. విత్తనం కాపాడుకోవడానికి అది పనికొచ్చే పద్ధతే, కాదనను. చలిగాలి కొట్టే చోట పొయ్యి ఇంటికి వెచ్చదనం కూడా. అలాంటి ఇళ్లకు ఊరికే పొయ్యి తీసేయమని చెప్పడం అన్యాయం. విత్తనానికి మూతున్న డబ్బా, వెచ్చదనానికి మంచి దుప్పట్లు, కప్పు దగ్గర గాలి పోయే సందు కూడా చూపించాలి.

దోమల మాట వేరు. ఇంటి పొగ మలేరియా నుంచి కాపాడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. దోమతెర కాపాడుతుంది. దోమల చుట్ట కూడా పొగే. ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్న రేణువులు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని ఒక అధ్యయనం కొలిచి చెప్పింది.

ముక్కుకు కొంగు కట్టుకుంటే, బెల్లం ముక్క తింటే పొగ పట్టదంటారు?

కొంగు మసిని ఆపుతుంది, సన్న రేణువులను ఆపదు. బెల్లం గొంతులో గరగర తగ్గిస్తుందేమో గానీ, అది పోయేది పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి కాదు.

కట్టెల పొయ్యి మీద వండిన రుచి గ్యాస్ మీద రాదు కదా?

ఆ రుచి నాకూ ఇష్టమే. అందులో సగం మట్టికుండది, సన్న సెగది. కుండను గ్యాస్ మీద చిన్న మంటలో పెట్టి చూడండి. హైవే పక్కన "కట్టెల పొయ్యి మీద వంట" అని బోర్డులు పెడుతున్నారు. అక్కడ మనం అరగంట కూర్చుని తిని లేచిపోతాం. లోపల పొద్దుటినుంచి రాత్రి దాకా ఆ పొగలో నిలబడే వంటమనిషి గురించి ఆలోచిస్తే నాకు ముద్ద దిగదు. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే అక్కల పరిస్థితీ ఇదే. కొన్నిచోట్ల ఇప్పటికీ వంద మంది పిల్లల అన్నం కట్టెల మీద, రేకుల షెడ్డులో. మీ ఊరి బడిలో అలా ఉంటే గ్రామసభలో అడగండి.

ఆయాసం వస్తోంది. డాక్టరు దగ్గర ఏం చెప్పాలి?

ఎన్నేళ్లు, రోజుకు ఎన్ని గంటలు, దేనిమీద వండారో వాళ్లు అడగకపోయినా చెప్పండి. స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి చూసే పరీక్ష, చేయమని అడగండి. ఎక్స్‌రే ఒక్కదానితో సీఓపీడీ తేలదు. హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లాంటి చోట్ల ఈ పరీక్ష చేస్తారు. రెండు వారాలకు మించి దగ్గుంటే టీబీ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

ఇన్‌హేలర్ వాడితే అలవాటు పడిపోతారన్న భయం వదిలేయండి. మందు నేరుగా చేరాల్సిన చోటికి, తక్కువ మోతాదులో చేరే పద్ధతి అది. సరిగా పీల్చడం నేర్పించుకోండి. మా అమ్మమ్మ ఏడాదిపాటు దాన్ని తప్పుగా పీల్చింది, మందంతా నాలుక మీదే పడేది. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా అడగండి. పెదవులు నీలంగా మారితే, మాట పూర్తిచేయలేకపోతే 108కి ఫోన్ చేయండి. పాదాలు వాస్తుంటే గుండె మీద భారం పడుతోందేమో చూపించుకోవాలి.

ఇన్నేళ్లు పీల్చాక ఇప్పుడు మానేస్తే లాభమేముంది?

పోయిన ఊపిరి తిరిగి రాదు. మిగిలింది ఇంకా వేగంగా పోకుండా ఆగుతుంది. దగ్గు, కఫం, కళ్లమంట కొన్ని వారాల్లోనే తగ్గడం చాలామంది చెబుతారు.

ఇంట్లో మగవాళ్లం మేమేం చేయగలం?

సిలిండరు బుక్ చేసే ఫోను నంబరు ఎవరిదో చూడండి. చాలా ఇళ్లలో అది భర్తది, కొన్నిచోట్ల ఎప్పుడో పోయిన పాత నంబరు. సిలిండరు అయిపోయిందని ఆమె చెప్పి, మీరు గుర్తుపెట్టుకుని, డబ్బు సర్దుబాటు చేసేలోపు పది రోజులు కట్టెల పొయ్యే. నంబరు ఆమె పేరున మార్పించండి, రెండో సిలిండరు తీసుకోగలిగితే తీసుకోండి. ఒక వారం పాటు నీళ్ల పొయ్యి మీరు అంటించండి, ఊదుగొట్టం మీరు పట్టుకోండి. మా మేనమామ అమ్మమ్మ పోయాక ఆ పని నాలుగు రోజులు చేశాడు. ఐదో రోజు పొయ్యి రాళ్లు తీసేసి, ఆ చోట డ్రమ్ము పెట్టాడు.